తనిఖీ ఎన్నాళ్లు చెల్లుతుంది?

(వరంగల్‌లో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు ప్రతి)



కాళోజీ నారాయణరావు గారి స్మృతిలో మాట్లాడమంటే భాష గురించో, యాస గురించో, ధిక్కారం గురించో మాట్లాడడం ఆనవాయితీ. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ హాల్లోనే కూర్చున్నారు. నేను తీసుకున్న విషయం మాత్రం వినడానికి పొడిగా ఉంటుంది. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లను, ఆస్పత్రికి మందులూ మనుషులూ సరఫరా చేసేవాళ్లను ఎవరు తనిఖీ చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎన్నిసార్లు చేయాలి అన్నదే ఆ విషయం. ప్రజాకవి పేరున జరిగే సభలో ఈ గుమాస్తా పని ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ 2002 నవంబరు 13న కాళోజీ కన్నుమూసిన తర్వాత ఆయన పార్థివదేహం కాకతీయ మెడికల్ కాలేజీకి చేరింది. రేపటి డాక్టర్లు నిజంగా చదివి, నిజంగా నేర్చుకుని రావాలన్న నమ్మకం లేకుండా ఎవరూ తమ దేహాన్ని విద్యార్థుల ముందు పెట్టరు. ఇంకో సంగతి. రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇదే ఊళ్లో ఆయన పేరు మీద ఉంది. దాని పరిధిలో ఎంబీబీఎస్ పూర్తిచేసిన ప్రతి ఒక్కరి పట్టా మీద ఆ పేరు ఉంటుంది. అలాంటి పట్టాకు దొంగ నకలు పుట్టించినవాడు కాళోజీ పేరును కూడా దొంగిలించినట్టే. కాబట్టి విషయం మరీ దూరానిదేమీ కాదు.

1

ముందు మన దగ్గర నడుస్తున్న పద్ధతి చూద్దాం. ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు చేరుతుంది. జిరాక్స్ కాపీలు, రెండు ఫొటోలు, ఆధార్ కార్డు ఇస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూస్తారు. కొన్నిచోట్ల వాటిని తిరిగివ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అది తనిఖీ కోసమని అనుకోకండి, ఆమె మధ్యలో ఉద్యోగం మానేయకుండా ఉండడానికి. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన కౌన్సిల్‌ను అడిగి, ఈ నంబరు మీదేనా, ఈమె పేరు ఇవాళ్టికీ మీ రిజిస్టర్‌లో ఉందా అని రాతపూర్వకంగా కనుక్కునే ఆస్పత్రులు తక్కువ. మెడికల్ షాపు సంగతి సరేసరి. గోడకు ఫ్రేము కట్టించిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతుంటుంది, కౌంటర్లో మందులిచ్చేది మరెవరో. సర్టిఫికెట్ అద్దెకిచ్చి నెలకింత తీసుకునే పద్ధతి ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యం. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరొకరు డాక్టరు చీటీ మీద మందు ఇవ్వకూడదని 1948 ఫార్మసీ చట్టం చెప్తూనే ఉంది.

చట్టాలకు కొరత లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా అని 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం చెప్తుంది. నర్సులకు 1947 చట్టం ఉండేది, 2023లో కొత్తది వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియాలజీ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టుల వంటివారి కోసం 2021లో ప్రత్యేక చట్టం చేశారు. ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ కోసం 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, దాన్ని తెలంగాణ కూడా స్వీకరించింది. అయినా 2022 డిసెంబరులో వరంగల్ చార్‌బౌలి ప్రాంతంలో డాక్టర్లు కానివాళ్లు ఏళ్ల తరబడి ఆస్పత్రి నడిపారని పోలీసులు బయటపెట్టారు. అక్కడ నలభై వేల మందికి పైగా రోగులను చూశారని అప్పట్లో ప్రకటించారు. 2023 మే నెలలో ఇదే కమిషనరేట్ పోలీసులు గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పి, అబార్షన్లు చేయించే ముఠాను పట్టుకున్నారు. అరెస్టయినవాళ్లు 18 మంది. వాళ్లలో ప్రైవేటు ఆస్పత్రులకు చెందినవాళ్లూ ఉన్నారు. స్కానింగ్ యంత్రాన్ని రిజిస్టరైన కేంద్రానికి తప్ప అమ్మకూడదని 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం అమ్మకందారుకే ఆంక్ష పెట్టింది. అంటే ముఠా చేతిలో ఒక పోర్టబుల్ స్కానర్ కనబడిందంటే, అక్కడ అర్హత లేని మనిషి ఒక్కడే ఉన్నాడని అనుకోలేం. అడగకుండా యంత్రం అమ్మిన వ్యాపారి, అడగకుండా గది ఇచ్చిన ఆస్పత్రి కూడా ఆ దారిలో ఎక్కడో ఉండి ఉంటారు.

వీటిని నకిలీ డాక్టర్ల కథలని పక్కన పెట్టేయడం తేలిక. నాకు ఇంతకంటే ఆందోళన కలిగించేది అసలు పట్టా ఉన్నవాళ్ల కథ. సికింద్రాబాద్‌లోని సృష్టి సంతాన సాఫల్య కేంద్రం వ్యవహారం 2025 జులైలో బయటపడింది. సరోగసీ పేరుతో ఒక జంటకు వేరెవరో కన్న బిడ్డను అప్పగించారన్నది పోలీసుల ఆరోపణ. ఆ కేంద్రం నడిపిన డాక్టరును 2016లోనే రాష్ట్ర వైద్య మండలి ఐదేళ్లపాటు సస్పెండ్ చేసిందన్న విషయం అప్పుడు మళ్లీ పత్రికలకెక్కింది. కేంద్రం వేరే డాక్టరు లెటర్‌హెడ్‌తో నడిచిందని దర్యాప్తులో చెప్పారు. మత్తుమందు ఇచ్చాడన్న అభియోగంతో ఒక ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు కూడా అరెస్టయ్యాడు. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. మనకు కావలసింది ఒకటే. వైద్య మండలికి 2016లో తెలిసిన విషయం, ఆ కేంద్రానికి మందులమ్మినవాళ్లకు, పరికరాలిచ్చినవాళ్లకు, అక్కడికి వెళ్లి పనిచేసిన డాక్టర్లకు, అన్నిటికంటే ముఖ్యంగా డబ్బు కట్టిన దంపతులకు పనికొచ్చేలా చేరే దారే లేదు. పట్టా నిజమే, రిజిస్ట్రేషన్ కూడా ఒకప్పుడు నిజమే. మారింది ఇవాళ్టి స్థితి.

ఇదే నా వాదన. తనిఖీ ఫలితం చేసిన రోజుకే చెల్లుతుంది. ఉద్యోగంలో చేరిన రోజున, టెండరు తెరిచిన రోజున చూసిన కాగితం ఆ తర్వాతి సంగతి చెప్పదు. కాబట్టి జీతం, బిల్లు ఎవరు చెల్లిస్తున్నారో వాళ్లే మళ్లీ మళ్లీ తనిఖీ చేయాలి. చేయకపోతే నష్టం వాళ్ల జేబుకే తగలాలి.

2

ఇక్కడే ఏజెన్సీ అనే మూడో మనిషి వస్తాడు. ఇవాళ్టి ఆస్పత్రిలో సగం పనులు ఆస్పత్రివాళ్లు చేయరు. ఊడ్చేవాళ్లు, స్ట్రెచర్ తోసేవాళ్లు, సెక్యూరిటీ, వంట, ల్యాబ్, అంబులెన్సు, వైద్య వ్యర్థాలు ఎత్తేవాళ్లు అంతా ఔట్‌సోర్సింగ్. కొన్నిచోట్ల స్పెషలిస్టు డాక్టర్లు కూడా. మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో ఒక మిషన్ ఆస్పత్రి కేసు గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లోని ఒక ప్రసిద్ధ హృద్రోగ నిపుణుడి పేరు పెట్టుకుని ఒకాయన అక్కడ గుండెకు చికిత్సలు చేశాడు. అతని చేతిలో ఏడుగురు చనిపోయారన్న ఫిర్యాదు మీద 2025 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. మమ్మల్ని అడగకండి, అతన్ని ఏజెన్సీ పంపింది అన్నది ఆస్పత్రి సమాధానం. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన నంబరును అతను చూపాడని కూడా వార్తలొచ్చాయి. అదే నిజమైతే ఆ నంబరు ఎవరిదో విజయవాడకు ఒక్క ఫోనుతో తేలిపోయేది.

మిత్రులారా, కాసేపు ఒక వింత దగ్గర ఆగుదాం. కాకతీయ మెడికల్ కాలేజీలో చదివిన విద్యార్థి అమెరికాలో రెసిడెన్సీకి వెళ్లాలంటే అక్కడి ఈసీఎఫ్ఎంజీ సంస్థ అతను ఇచ్చిన కాపీతో తృప్తిపడదు. పట్టా నిజమేనా అని పట్టా ఇచ్చిన చోటునే నేరుగా అడుగుతుంది. జవాబు వచ్చేదాకా ఫైలు కదలదు. మన కాలేజీలు ఆ జవాబులు రాసి పంపుతూనే ఉన్నాయి. అదే పట్టా పట్టుకుని హన్మకొండ చౌరస్తాలోని నర్సింగ్ హోమ్‌కు వెళ్తే జిరాక్స్ చాలు. సముద్రం అవతలివాళ్ల రోగుల కోసం మన గుమాస్తా చేయగలిగిన పని మన రోగుల కోసం చేయలేడని ఎవరూ అనలేరు. అడిగేవాళ్లు లేరు, అంతే.

ఏజెన్సీ మనుషుల విషయంలో ఆ అడగకపోవడం ఇంకా లోతైనది. కోల్‌కతాలోని ఆర్.జి.కర్ ఆస్పత్రిలో 2024 ఆగస్టులో ఒక జూనియర్ డాక్టరుపై జరిగిన అత్యాచారం, హత్యలో దోషిగా తేలినవాడు ఆస్పత్రి ఉద్యోగి కాదు, పోలీసులకు సాయంగా పెట్టుకున్న సివిక్ వాలంటీరు. ఆస్పత్రిలో అడ్డూ అదుపూ లేకుండా తిరిగేవాడు. ఆ కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాన్ని అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది: ఈ వాలంటీర్లను ఏ పద్ధతిలో తీసుకుంటున్నారు, వాళ్ల పూర్వాపరాలు ఎలా చూస్తున్నారు? మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో 2022 మార్చి చివర ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోగిని ఎలుకలు కొరికినప్పుడు సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. వార్డును శుభ్రంగా ఉంచే పని ఒప్పందం మీద తీసుకున్నవాళ్లు ఎంతమందిని పంపారు, ఏ శిక్షణ ఇచ్చి పంపారు అన్న ప్రశ్న మాత్రం డాక్టర్ల సస్పెన్షనంత గట్టిగా వినపడలేదు. పారిశుద్ధ్యానికి మంచానికి నెలకు 5,000 రూపాయలున్న రేటును 7,500 చేస్తామని ఆ ఏడాదే ప్రభుత్వం చెప్పింది. పెంచడం మంచిదే. కానీ మంచాల లెక్కన బిల్లు కట్టినంతకాలం మనుషుల లెక్క బిల్లులో కనిపించదు. ఐసీయూలో చీపురు పట్టుకున్న మనిషి పేరేమిటో, ఆమెకు హెపటైటిస్-బి టీకా వేశారో లేదో ఆస్పత్రి రికార్డులో ఉండదు. వైద్య వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆ టీకా వేయించాలని, శిక్షణ ఇవ్వాలని 2016 నాటి నిబంధనలు ఆ బాధ్యతను ఆస్పత్రి మీదే పెట్టాయి. తనిఖీ అనగానే దొంగను పట్టుకోవడమే అనుకుంటాం. ఆ స్వీపరమ్మ రక్షణ కూడా దానిలో భాగమే.

3

సరుకు సరఫరాదారుల మీద క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ నియమాలు కాగితం మీద బాగానే ఉన్నాయి. 1940 నాటి ఔషధ చట్టం కింద తయారీదారుకు లైసెన్సు, టోకు వ్యాపారికి లైసెన్సు, దుకాణానికి లైసెన్సు. నాణ్యత పరీక్షలో తప్పిన మందుల జాబితా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటిస్తుంది. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయినప్పుడు, ఆ మందును తయారుచేసిన కాంచీపురం కంపెనీకి లైసెన్సు ఉంది. సీసాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషరసాయనం దాదాపు 48 శాతం. వాడవద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా హెచ్చరిక ఇచ్చింది. ఆ హెచ్చరిక వచ్చిన సాయంత్రమే తన స్టోరులోని బ్యాచ్ నంబర్లు తీసి సరిచూసే మనిషి ప్రతి ఆస్పత్రిలోనూ ఉన్నాడా? లైసెన్సు ఉందన్న మాట పిల్లలను కాపాడలేదు. కాపాడగలిగేది ఆ నెల జాబితాను ఆ నెలే చదివే అలవాటు.

డబ్బు వైపు చూస్తే 2019లో బయటపడిన ఈఎస్ఐ మందుల కొనుగోళ్ల కేసు ఉంది. రేటు కాంట్రాక్టును పక్కనపెట్టి ఎక్కువ ధరకు కొన్నారని ఏసీబీ ఆరోపించి డైరెక్టరుతో సహా పలువురిని అరెస్టు చేసింది. 2024లో ముఖ్యమంత్రి సహాయనిధికి దొంగ బిల్లులు పెట్టారని రెండు డజన్లకు పైగా ఆస్పత్రుల మీద సీఐడీ కేసులు పెట్టింది. రెండింటిలోనూ చెల్లింపు అయిపోయిన తర్వాతే ప్రశ్న మొదలైంది.

4

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. అక్కడివాళ్లు మనకంటే నీతిమంతులని చెప్పడానికి కాదు. వాళ్ల దగ్గర జరిగిన ఘోరాలు తక్కువేమీ కావు. చార్లెస్ కల్లెన్ అనే నర్సు పదహారేళ్లలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లోని ఆస్పత్రులు ఒకటి తర్వాత ఒకటి మారుతూ రోగులను మందులతో చంపాడు. 2003 డిసెంబరులో గానీ పట్టుబడలేదు. అనుమానం వచ్చిన ఆస్పత్రులు అతన్ని పంపించేసి, తర్వాతి ఆస్పత్రి అడిగితే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీదాకా పనిచేశాడని మాత్రం చెప్పాయి. పరువునష్టం దావాకు భయం. ఆ తర్వాత న్యూజెర్సీ 2005లో చట్టం చేసి, సహోద్యోగి మీద తీవ్రమైన అనుమానం ఉంటే తెలియజేయడాన్ని తప్పనిసరి చేసింది, నిజాయితీగా చెప్పినవాడికి రక్షణ ఇచ్చింది. మన రిలీవింగ్ లెటర్లలో ఇప్పటికీ కనిపించేది ఆ పాత మర్యాదే. ఎవరు వెళ్లిపోయినా ప్రవర్తన సంతృప్తికరం.

అక్కడి వ్యవస్థలో నాకు పనికొచ్చేదిగా తోచింది ఇంకొకటి. మెడికేర్ వంటి ప్రభుత్వ బీమా డబ్బుతో నడిచే వైద్యంలో మోసానికి శిక్షపడినవాళ్లను ఆ కార్యక్రమాల నుంచి వెలివేసే అధికారం 1977 నుంచి ఉంది. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఆ పేర్ల జాబితాను అందరికీ కనిపించేలా పెడుతుంది, నెలనెలా సరిచేస్తుంది. తీవ్ర నేరాలకు వెలి కనీసం ఐదేళ్లు. అసలు మెలిక తర్వాత ఉంది. వెలివేసిన మనిషిని ఆస్పత్రి పనిలో పెట్టుకుంటే, డాక్టరుగానే కాదు, బిల్లులు రాసే గుమాస్తాగా పెట్టుకున్నా, మెడికేర్ డబ్బు రాదు, పైగా జరిమానా ఆస్పత్రి కట్టాలి. అందుకే నెలకోసారి సిబ్బంది, సరఫరాదారుల పేర్లన్నీ ఆ జాబితాతో సరిచూసుకొమ్మని 2013లో ఆ కార్యాలయం సూచిస్తే ఆస్పత్రులు తల ఊపాయి. సుద్దులు చెప్పి చేయించిన పని కాదు. చెల్లింపు ఆగుతుందన్న భయం చేయించింది.

మన దగ్గర ఆ మీట ఇప్పటికే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆస్పత్రికి ప్రభుత్వం కేసు లెక్కన డబ్బు చెల్లిస్తుంది. 2023 డిసెంబరులో కుటుంబానికి పరిమితి 10 లక్షలకు పెరిగింది. క్లెయిము పంపేటప్పుడు ఆ రోగిని చూసిన డాక్టరు, నర్సు, టెక్నీషియన్ రిజిస్ట్రేషన్ నంబర్లు ఆ రోజుకు చెల్లుతున్నాయని సరిచూసుకునేదాకా డబ్బు విడుదల కాకూడదని ఆరోగ్యశ్రీ ట్రస్టు ఒక నియమం పెడితే, రాష్ట్రంలోని ఆస్పత్రుల్లో హెచ్ఆర్ డిపార్టుమెంటు రాత్రికి రాత్రి మేల్కొంటుంది. జాతీయ వైద్య రిజిస్టర్ పోర్టల్‌ను 2024 ఆగస్టులో ప్రారంభించారు. అది నిండడం నెమ్మదిగా సాగుతోంది. డబ్బు ఆ రిజిస్టర్‌తో ముడిపడిన రోజున నిండుతుంది.

5

అభ్యంతరాలు వినకుండా ఈ మాటలు చెప్తే అది ఉపన్యాసం అవుతుంది గానీ వాదన కాదు. మొదటిది చిన్నది, కానీ అచ్చంగా మనది. మన పేర్లు. ఇంటిపేరు ఒక అక్షరమై ముందు నిలబడితే కె. శ్రీనివాస్‌లు, బి. స్వప్నలు జిల్లాకు వందలమంది. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి, పెళ్లయ్యాక మూడోది. పేరుతో జాబితాలు సరిచూస్తే నిర్దోషి ఉద్యోగం పోతుంది, దోషి దాటిపోతాడు. కాబట్టి సరిచూడాల్సింది రిజిస్ట్రేషన్ నంబరుతో, ఫొటోతో. పేరు కలిసిందన్న ఒక్క కారణంతో ఎవరి మీదా చర్య తీసుకోకూడదని రాసిపెట్టుకోవాలి.

రెండోది బరువైనది, కాళోజీ పేరున జరిగే సభలో దాటేయలేనిది. ఆయన నిజాం కాలంలో జైలుకెళ్లారు, వరంగల్ నుంచి నగర బహిష్కరణ కూడా చూశారు. పేర్ల జాబితా రాసే అధికారం ఎవరి చేతిలో ఉన్నా అది కక్షకు పనిముట్టవుతుందని ఆయనలాంటివాళ్లు అంటారు, అనాలి. నోరున్న నర్సును, యూనియన్ పెట్టిన వార్డుబాయ్‌ను, కమీషన్ ఇవ్వని కాంట్రాక్టరును జాబితాకెక్కించడం ఎంతసేపు? ఈ భయానికి జవాబు సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇప్పటికే ఉంది. బ్లాక్‌లిస్టులో పెట్టేముందు ఆ వ్యక్తి మాట వినాలని 1974లో ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో చెప్పింది. షోకాజ్ నోటీసులోనే బ్లాక్‌లిస్టు చేయబోతున్నామన్న మాట స్పష్టంగా ఉండాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ కేసులో చెప్పింది. జీవితాంతం వెలివేయడం కుదరదని, తప్పుకు తగ్గ గడువు ఉండాలని అంతకు ముందటి ఏడాదే కుల్జా ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. జాబితాలో పేరుతోపాటు కారణం, ఆదేశం ఇచ్చిన అధికారి, ముగిసే తేదీ, అప్పీలు చేసుకునే చోటు అచ్చువేయాలి. గడువు తీరిన పేరు దానంతటదే తొలగిపోవాలి. ఇంకొక మాట. ఇప్పుడు జాబితా లేదని ఎవరన్నారు? ఫలానా అమ్మాయిని తీసుకోకండి అని ఆస్పత్రి యజమానులు ఫోన్లలో చెప్పుకునే జాబితా ఉంది. దానికి నోటీసు లేదు, అప్పీలు లేదు, గడువు లేదు. రాతలో ఉన్న జాబితా మీద కోర్టుకు వెళ్లవచ్చు. ఫోను మీద ఎవరూ వెళ్లలేరు.

మూడో అభ్యంతరం చిన్న నర్సింగ్ హోమ్‌ల నుంచి, మారుమూల మండలాల నుంచి వస్తుంది. ఏటూరునాగారంలో నర్సు దొరకడమే గగనమైతే నువ్వు తనిఖీ అంటావా అని. కొరత నిజం. అయితే తనిఖీ వల్ల పోయేది అర్హత ఉన్న నర్సు కాదు. అర్హత లేని మనిషిని అర్హత ఉన్నట్టు చూపించి పెట్టుకున్నంతకాలం అక్కడ ఖాళీ ఉందని ఏ లెక్కలోనూ కనపడదు, భర్తీ చేయమని అడిగే ఆధారం ప్రజలకుండదు. ఖర్చు సంగతి వేరు, అది న్యాయమైన ఫిర్యాదు. ఇరవై పడకల ఆస్పత్రిని కార్పొరేట్ ఆస్పత్రిలా సాఫ్ట్‌వేర్ కొనమనడం అన్యాయం. రిజిస్ట్రేషన్లు సరిచూసే పని ఉచితంగా జరగాలి. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) కార్యాలయంలో ఒక మనిషి, కౌన్సిళ్ల రిజిస్టర్లు తెరుచుకునే ఒక కంప్యూటరు, నెలకోసారి చిన్న ఆస్పత్రులు పంపే నంబర్ల పట్టిక ఉంటే పని నడుస్తుంది. ఫీజు మాత్రం పెట్టకండి. ఫీజు పెట్టిన రోజే దళారి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

ఔట్‌సోర్సింగ్ ఒప్పందాల్లో కూడా కొత్త చట్టం అక్కర్లేదు, టెండరు షరతుల్లో ఒక పేరా చాలు. ఏజెన్సీ ప్రతి నెలా బిల్లుతోపాటు ఆ నెల పనిచేసినవాళ్ల పేర్లు, ఫొటోలు, టీకా తేదీలు, పీఎఫ్ చలానా జతచేయాలి. జతచేయని నెల బిల్లు ఆగుతుంది, సిబ్బంది జీతం మాత్రం ఆస్పత్రే నేరుగా వారి ఖాతాల్లో వేసి ఏజెన్సీకి రావలసిన దాంట్లోంచి మినహాయించుకుంటుంది. ఈ చివరి షరతు లేకుండా మొదటిది పెట్టొద్దు. బిల్లు ఆగితే ముందు పస్తుండేది ఏజెన్సీ యజమాని కాదు, వార్డు తుడిచే మనిషి.